డాక్టరమ్మ జవాబులు: మెషిన్ బాగానే ఉందమ్మా

ఈ నెల నా బల్ల మీద చేరిన ఉత్తరాల్లో బీపీ గురించినవే 23. మగవాళ్ళు రాసినవన్నీ వాళ్ళ వాళ్ళ బీపీ గురించి. ఆడవాళ్ళు రాసినవి మొగుడి బీపీ, అత్తగారి బీపీ, నాన్న బీపీ గురించి. తన బీపీ సంగతి ఎత్తిన ఆడమనిషి ఒక్కతే. అది కూడా ఉత్తరం ముగించి, కవరు అంటించబోతూ గుర్తొచ్చినట్టు చివర్లో ఇరికించింది. అందుకని ముందు ఆ ఉత్తరమే తీసుకుంటున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా ఆయనకు 54. నాలుగేళ్ళుగా బీపీ బిళ్ళ వాడతా ఉండాడు. ఇంట్లో మెషిన్ కొన్నాం. నేనే కట్టి, అంకెలు నోటు పుస్తకంలో రాస్తా ఉంటాను. ఈ వారం 138/86 దగ్గర తిరుగుతా ఉంది. ఎక్కువా? ఇంకో మాట. మొన్న ఆయనకు చూశాక ఊరికే నా చేతికి కట్టుకుంటే 164/98 చూపించింది. మెషిన్ పాడయిందేమో, కొత్తది కొనమంటారా? నాకు 49. నెలసరి ఆగి ఏడాదిన్నర. మోకాళ్ళ నొప్పికి షాపులో బిళ్ళ తెచ్చుకుని వేసుకుంటాను. అంతకు మించి నాకేం జబ్బుల్లేవు.
(ఒక సోదరి, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మెషిన్ బాగానే ఉందమ్మా. అయిదు నిమిషాల ముందు ఆయన చేతికి కట్టినప్పుడు నిజం చెప్పిన మెషిన్, మీ చేతికి రాగానే అబద్ధం ఎందుకు చెప్తుంది?

ఆయన సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఆసుపత్రిలో చూసే బీపీకి హద్దు 140/90 అయితే, ఇంట్లో నిదానంగా చూసుకునేదానికి 135/85. ఆయన హద్దు మీద నుంచి కాస్త అవతలికి అడుగు పెట్టాడు. ఆ నోటు పుస్తకం డాక్టరుకు చూపిస్తే మందు మోతాదు ఆ డాక్టరే చూసుకుంటాడు. ఇక మీ సంగతికి వద్దాం.

మెషిన్ మీద నింద వేసింది మీరొక్కరే కాదు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ అదే పని చేశాను. అప్పుడు నాకు 52. కందుకూరులో మా క్లినిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి బీపీ చూడటం నేర్పిస్తున్నాను. మధ్యాహ్నం రెండున్నర, పేషెంట్లు లేరు, నా చేతికే కట్టమన్నాను. ఆ పిల్ల స్టెత్ చెవుల్లో పెట్టుకుని పాదరసం దిగడం చూసి, గొంతు తగ్గించి "మేడం, 172" అనింది. నీకు చప్పుడు సరిగా వినపడలేదు, మళ్ళీ చూడమన్నాను. 170. రబ్బరు బుడ్డి గాలి వదిలేస్తోంది, లోపలి గదిలోది పట్రా అన్నాను. అదీ అంతే చెప్పింది. మూడో మెషిన్ కూడా అదే మాట అన్నాక నోరు మూసుకున్నాను. రోజుకు నలభై మందికి పట్టీ కట్టే మనిషిని. నా చేతికి కట్టించుకుని ఎన్నాళ్ళయిందా అని ఆలోచిస్తే, రెండో కాన్పు నాటి మాట. పాతికేళ్ళు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఆయాసం లేదు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదని పేషెంట్లకు చెప్పీ చెప్పీ నోరు అరిగినదాన్ని నేనే.

మీ వయసులో ఏం జరుగుతుందో చెప్తాను. రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఊరుతూ, నాళం బిగుసుకుపోకుండా వదులు చేస్తుంటుంది. నెలసరి వచ్చినన్నాళ్ళు ఒంట్లో ఉండే ఈస్ట్రోజన్ ఈ పనికి ఊతం ఇస్తుంది. నెలసరి ఆగాక ఆ ఊతం పోతుంది. నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, తిన్న ఉప్పుకు ఒళ్ళు మునుపటికంటే గట్టిగా స్పందిస్తుంది. అందుకే ముప్పైల్లో, నలభైల్లో బీపీ మగవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. యాభైల్లో ఆడవాళ్ళు అందుకుంటారు, 65 దాటాక దాటిపోతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో మగవాళ్ళలో 24 శాతానికి, ఆడవాళ్ళలో 21 శాతానికి బీపీ ఎక్కువని తేలింది. ఆ లెక్కలో 15 ఏళ్ళ పిల్లల దగ్గర్నుంచి అందరూ ఉన్నారు. అది చూసి ఇదేదో మగవాళ్ళ జబ్బు అనుకోవద్దు.

మీ కాన్పుల సంగతి రాయలేదు. గర్భంతో ఉండగా అయిదో నెల దాటాక బీపీ పెరిగిందా, మూత్రంలో ప్రొటీన్ పోయిందా, కాళ్ళూ ముఖమూ వాచాయా, నెలలు నిండకుండానే బిడ్డను తీశారా? అది ముదిరి ఫిట్స్ వస్తే పాతకాలం వాళ్ళు గుర్రపు వాతం అనేవాళ్ళు. బిడ్డ పుట్టాక బీపీ దిగిపోతుంది, అందరూ మర్చిపోతారు. ఒళ్ళు మాత్రం మర్చిపోదు. అట్టాంటి కాన్పు అయినవాళ్ళకు తర్వాతి కాలంలో బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావాళ్ళకంటే రెట్టింపు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ కూడా. పాతికేళ్ళయినా సరే, డాక్టరు దగ్గర ఆ మాట చెప్పాలి. అడగరు, మీరే చెప్పాలి. మా వృత్తిలో ఉన్న లోపం ఇది. యాభై ఏళ్ళ మగవాణ్ణి సిగరెట్ తాగుతావా అని అడుగుతాం గానీ, యాభై ఏళ్ళ ఆడమనిషిని నీ కాన్పులు ఎట్టా జరిగాయమ్మా అని అడిగేవాళ్ళు తక్కువ.

"అంతకు మించి నాకేం జబ్బుల్లేవు" అని మీరు తేలిగ్గా రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మోకాళ్ళకు వేసుకునే ఆ బిళ్ళ ఏది? డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటిదయితే అది మూత్రపిండాల దగ్గర ఉప్పునూ నీళ్ళనూ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. బీపీ పెరుగుతుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకయితే ఆ మాత్రను కూడా పనిచెయ్యనివ్వదు. నొప్పులకని నెలకోసారి ఎక్కడో ఇంజక్షన్ చేయించుకుంటున్నారేమో కూడా చూసుకోండి. అందులో స్టెరాయిడ్ ఉంటే అదీ బీపీని ఎగదోస్తుంది. బిళ్ళ అట్ట పారెయ్యకుండా డాక్టరుకు చూపించండి. మోకాళ్ళకు వేరే దారులున్నాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఏడు రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు మీ చేతికి కట్టుకుని, ఆయన అంకెల పక్కనే మీవీ రాయండి. మొదటిరోజువి కొట్టేసి మిగతావాటి సగటు తియ్యండి. 135/85 దాటితే డాక్టరు దగ్గరికి. ఈ వారంలోనే మళ్ళీ మళ్ళీ 160కి పైన వస్తుంటే ఏడు రోజులూ ఆగనక్కర్లేదు. 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, చూపు మసకో, మూతి వంకరో, చెయ్యి లేవకపోవడమో తోడయితే అప్పుడే ఆసుపత్రికి.

కొత్త మెషిన్ కొనొద్దు.

ప్రశ్న: నాకు 71. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. పొద్దున నడక అయ్యాక మా బృందమంతా టీ కొట్టు బల్ల మీద చేరతాం. ఒకాయన సంచిలో మెషిన్ తెస్తాడు, వరసగా అందరం చూసుకుంటాం. నాది 166/72. "వందకు నీ వయసు కలుపు మాస్టారూ, 171 దాకా నీకు నార్మలే" అంటున్నారు. కింది అంకె తక్కువే గదా, మందు అవసరమా?
(ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: మాస్టారూ, పిల్లవాడి జవాబుకు మార్కులు వేసేముందు మీరు పద్ధతి చూసేవాళ్ళు గదా. ఈ వంద ప్లస్ వయసు సూత్రానికి పద్ధతి లేదు. వయసుతో చాలామందికి పై అంకె పెరగడం చూసి, పెరగడమే న్యాయం అనుకున్న రోజుల నాటిది అది. డెబ్బై ఏళ్ళకు చాలామందికి కళ్ళల్లో శుక్లాలొస్తాయి. అందరికీ వస్తున్నాయి గదా అని ఆపరేషన్ మానేస్తున్నామా?

ఆ నమ్మకం ఎంత పైదాకా వెళ్ళిందో ఒక్క సంగతి చెప్తాను. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ బీపీ 1937లోనే 162/98. 1941కి 188/105. 1945 ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి పోయిన నాడు 300/190. అప్పటికాయనకు 63. పక్కన డాక్టర్లు లేక కాదు. ఆ కాలానికి సరైన మందులూ లేవు, ఆ అంకెను చూసి భయపడే అలవాటూ లేదు.

కింది అంకె తక్కువని మీరు సంతోషిస్తున్నారు. నాకు ముందు కనబడింది 166కీ 72కీ మధ్య తేడా. 94. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికొచ్చే రక్తాన్ని పెద్ద ధమని సాగి సర్దుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో మళ్ళీ దగ్గరికి ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. పడుచు వయసులో అది కొత్త సైకిల్ ట్యూబు. వయసుతో, దానికి తోడు ఉప్పు, పొగాకు, షుగరుతో గోడల్లో సాగే పీచు అరిగి గట్టి పీచు పెరుగుతుంది. ఎండకెండిన ట్యూబు సాగదు. గుండె నెట్టినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది, అదే మీ 166. తిరిగి ముడుచుకునే శక్తి లేదు గనక విశ్రాంతి క్షణంలో పడిపోతుంది, అదే మీ 72. యాభై, యాభై అయిదేళ్ళ దాకా రెండంకెలూ కలిసి పెరిగి, ఆ తర్వాత పైది ఎక్కుతూ కిందది దిగుతూ విడిపోవడం ఇందువల్లే. కిందది తక్కువగా ఉండటం మీ విషయంలో మంచి మార్కు కాదు, ధమని బిరుసెక్కిందనడానికి గుర్తు.

మందు వల్ల లాభముందా అంటే, సరిగ్గా మీలాంటివాళ్ళనే తీసుకుని అమెరికాలో పరీక్షించారు. 60 దాటినవాళ్ళు, పై అంకె 160కి తక్కువ కానివాళ్ళు, కింది అంకె 90కి లోపున్నవాళ్ళు 4,736 మంది. ఫలితం 1991లో వచ్చింది. మందు వాడినవాళ్ళలో పక్షవాతం 36 శాతం తగ్గింది.

అసలు వయసుతో బీపీ పెరిగి తీరాలా అంటే, అదీ లేదు. 1988లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా బీపీ చూశారు, వాళ్ళ మూత్రంలో ఉప్పు కొలిచారు. బ్రెజిల్ అడవుల్లో యానోమామి తెగవాళ్ళు దాదాపు ఉప్పే ఎరగరు. వాళ్ళ సగటు బీపీ 96/61 దగ్గర, అక్కడి పెద్దవాళ్ళకూ పడుచువాళ్ళకూ తేడా లేదు. ఇటలీలో బయటి లోకంతో సంబంధం లేకుండా మఠంలో బతికే 144 మంది సన్యాసినులను ఇరవై ఏళ్ళు గమనిస్తే వాళ్ళ బీపీ కూడా పెరగలేదు. అదే ప్రాంతంలో సంసారాల్లో ఉన్న ఆడవాళ్ళకు పెరిగింది. ఉప్పు ఇద్దరూ దాదాపు ఒకటే తిన్నారు. ఈ రెండో సంగతి మా క్లినిక్‌లో చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు పక్కనున్న మొగుళ్ళ వంక చూస్తారు.

అయితే మాస్టారూ, మీ 166ను నేను ఇంకా నమ్మలేదు. నడిచొచ్చి, టీ తాగి, చొక్కా చెయ్యి మీదే పట్టీ కట్టించుకుని, వీపుకు ఆనుడు లేని బల్ల మీద, రాజకీయాలు మాట్లాడుకుంటూ చూసుకున్న అంకె అది. మాట్లాడుతుంటేనే 10 దాకా ఎక్కువ చూపించొచ్చు. చెయ్యి కిందికి వేలాడితే, గుండె మట్టానికి ప్రతి 10 సెంటీమీటర్ల కిందికీ 7 నుంచి 8 పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే అదీ ఎక్కువే చూపిస్తుంది. ఇంట్లో కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, ముందే మూత్రానికి వెళ్ళొచ్చి, అయిదు నిమిషాలు ఊరికే కూచోండి. చెయ్యి బల్ల మీద ఉండాలి, చొక్కా చెయ్యి పైకి మడవాలి, నోరు మూసుకోవాలి. టీకీ చుట్టకూ అరగంట ఎడం. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువొచ్చిన చేతినే ఇక ముందు వాడండి. వారం అంకెలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో కూడా 150, 160 అంటే మాత్ర మొదలుపెట్టించుకోవాల్సిందే. టీ కొట్టు బృందానికి కూడా ఈ పద్ధతి చెప్పండి, వాళ్ళు మీ విద్యార్థులకంటే మాట వినేరకంగా కనబడటం లేదు.

ప్రశ్న: నాకు 36. పొగాకు రైతును. ఈమధ్య ఏఎన్‌ఎం ఇంటికొచ్చి చూసి 148/102 అనింది. ఇంత చిన్న వయసులో బీపీ ఏంది మేడం? రోజూ పొలంలో తిరిగేవాణ్ణి. బ్యారన్‌లో పొగాకు కాల్చే సీజన్‌లో నిద్ర ఉండదు, అలుపు తీరడానికి రాత్రి క్వార్టర్ వేస్తా. పొగ తాగను, ఖైనీ మాత్రం ఉంది. మా ఇంటామె నేను గురక పెడతానంటది. మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాలంట, నిజమేనా?
(ఒక రైతు, కొండపి)

జవాబు: ముందు ఆ ఏఎన్‌ఎం అమ్మాయికి నా తరఫున ఒక నమస్కారం చెప్పు తమ్ముడూ. 30 దాటినవాళ్ళందరికీ బీపీ చూడమని వాళ్ళకు చెప్తారు. నీ వయసు మగవాళ్ళు వాళ్ళను చూడగానే పెరటి దారిన పోతుంటారు, నువ్వు కూచున్నావు.

మాస్టారికి చెప్పిన లెక్క నీకు తిరగబడుతుంది. నీ పెద్ద ధమని ఇంకా బాగా సాగుతోంది, బిగుసుకుంటున్నవి చిన్న చిన్న నాళాలు. అందుకే నీ వయసులో కింది అంకె ముందు పెరుగుతుంది. దాన్ని వదిలేస్తే పదిహేనేళ్ళకు గుండెకూ కిడ్నీలకూ తెలుస్తుంది.

బ్యారన్‌లో ఆకు ఎక్కించాక వారం రోజులు రాత్రింబవళ్ళు మంట చూసుకోవాలని నాకు తెలుసు, మా మేనమామది పొగాకు సాగే. మనిషి మంచి నిద్రలో ఉంటే బీపీ పదో వంతు, అయిదో వంతు తగ్గుతుంది. నాళాలకు అదే సెలవు. నీకు సీజన్‌లో ఆ సెలవు లేదు. పైన క్వార్టర్. ఆ పూటకు నిద్ర వచ్చినట్టుంటుంది గానీ, రోజూ తాగేవాళ్ళకు బీపీ నిలకడగా పైనే ఉంటుంది. మానేసిన కొద్ది వారాల్లోనే దిగడం నేను చాలామందిలో చూశాను. ఖైనీలో ఉండేది కూడా నికోటినే, పొగ లేదు అంతే. తడి ఆకు కొట్టేటప్పుడు చర్మంలోంచి కూడా నికోటిన్ ఎక్కుతుంది, కడుపులో తిప్పి వాంతులయ్యేది అందుకే. మంచు ఆరాక ఆకులోకి దిగు, చేతులకు తొడుగులు వేసుకో.

గురకను నవ్వులాటకు తీసుకోవద్దు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటున్నావేమో మీ ఇంటామెను అడుగు. పగలు బండి మీద కూడా కునుకు వస్తుందా? అయితే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు, చిన్న వయసులో బీపీకి పెద్ద కారణాల్లో ఒకటి. నలభైలోపు వాళ్ళకు కిడ్నీ, థైరాయిడ్ లాంటి కారణాలు కూడా వెతకాలి. మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, ఒక ఈసీజీ, షుగరు చూపించుకో.

పొలంలో తిరుగుతానన్నావు. నడిచి తిరుగుతావా, బండి మీద తిరుగుతావా? బరువు రాయలేదు. ఒక కిలో తగ్గితే బీపీ సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే ఇంకో అయిదు నుంచి ఎనిమిది. తాగుడు మానేసి, గురక సంగతి చూసుకుని, పది కిలోలు తగ్గి, మాత్ర సగానికి దించుకున్నవాళ్ళు, పూర్తిగా మానుకున్నవాళ్ళు కొందరు నాకు తెలుసు. కానీ అది డాక్టరు చెప్పి ఆపింది. వేలం అయిపోయింది, మనసు కుదుటపడింది, మాత్ర ఎందుకని తమకు తాము ఆపేసినవాళ్ళు కూడా తెలుసు, వాళ్ళను స్ట్రెచర్ మీద చూశాను. మాత్రకు ఒళ్ళు అలవాటు పడటమనేది లేదు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటివి పీహెచ్‌సీలో ఊరికే ఇస్తుంటారు, ఖర్చు కూడా సాకు కాదు.

ప్రశ్న: మా అత్తగారికి 66, బీపీ. ఆమెకు వేరేగా చప్పిడి వండుతున్నాను, తినడం లేదు. సైంధవ లవణం వాడితే మంచిదని ఎవరో చెప్పారు. చేపల పులుసు, ఎండు చేపలు, ఆవకాయ అన్నీ మానాల్సిందేనా?
(ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: మా అమ్మమ్మగారి ఊరు ఇసకపల్లి దగ్గర. ఎండాకాలం సెలవులకు పోతే ఉప్పు మడుల్లో తెల్లగా కుప్పలు పోసి ఉండేవి, పిల్లలం ఒక గల్లు నోట్లో వేసుకుని పరిగెత్తేవాళ్ళం. ఉప్పును తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ లెక్క లెక్కే.

సైంధవ లవణం కూడా దాదాపుగా సోడియం క్లోరైడే. గులాబి రంగు చూసి మోసపోవద్దు. అందులో అయోడిన్ కూడా కలిపి ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది, అంటే తల తీసిన చెంచాడు. చెంచాలు పట్టుకుని ఎవరూ వండలేరు గనక నేను చెప్పే ఉపాయం వేరే. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. నలుగురు తినే ఇంట్లో నెలకు 600 గ్రాములు దాటకూడదు, కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. మా క్లినిక్‌లో ఈ పని చేసినవాళ్ళలో చాలామందికి నెల తిరక్కుండానే అయిపోయింది. అందులో ఆవకాయ జాడీలో పడిన ఉప్పు లేదు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బజార్లో కొన్న మిక్చరు లేవు.

మన చేపల పులుసుకు పులుపే ప్రాణం. చింతపండూ మామిడికాయా పడ్డ కూరలో ఉప్పు మూడో వంతు తగ్గించినా నాలుక అంతగా పట్టదు, పైగా మర్నాటికి ముక్కకు పులుసు పట్టాక ఇంకా తెలియదు. ఆ పూట వెలితిగా ఉన్నా ఆగండి, పైన చల్లొద్దు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప మాత్రం వేరే సంగతి. నెలకోసారి సరదాకు తింటే, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కూరలో విడిగా ఉప్పు వెయ్యకండి. ఆవకాయ ముద్దకు ముద్దగా కలుపుకోవడం మాని, పక్కన నంజుకునేంత చాలు. మజ్జిగ అన్నంలో ఉప్పు మానేయండి.

ఆమెకు వేరేగా వండటం మానుకోండి. ఒంటరిగా చప్పిడి తినడం శిక్షలా ఉంటుంది ఎవరికైనా. ఇంటిల్లిపాదికీ రెండు వారాలకు కొంచెం చొప్పున తగ్గించుకుంటూ రండి. నెలా నెలన్నరకు నాలుక సర్దుకుంటుంది, పాత ఉప్పు తింటే మీకే కటిక ఉప్పనిపిస్తుంది.

బజార్లో తక్కువ సోడియం ఉప్పని దొరుకుతుంది, కొంత సోడియానికి బదులు పొటాషియం కలిపినది. చైనాలో 600 పల్లెల్లో అట్టాంటిది వాడి చూస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. మంచిదే. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళకు పొటాషియం ప్రమాదం, కొన్ని బీపీ మాత్రలతో కూడా కుదరదు. మీ అత్తగారి క్రియాటినిన్ చూపించి, డాక్టరును అడక్కుండా తేవద్దు.

ఇంకో మాట, మీరు అడగనిది. వడ్డన అంతా అయ్యాక చివర తినేది మీరే అనుకుంటాను. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది. ఆవకాయతోనో గోంగూర పచ్చడితోనో నాలుగు ముద్దలు కానిచ్చి లేస్తారు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉప్పు తినే మనిషి ఎవరో చూసుకోండి.

ప్రశ్న: నాన్నకు 82. రెండు రకాల బీపీ మాత్రలు వేసుకుంటారు, ప్రోస్టేట్‌కు ఇంకొకటి. ఎండలు ముదిరినప్పట్నుంచి మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటున్నారు. ఈ వయసులో ఇంక బీపీ మాత్రలు ఎందుకు, ఆపేద్దామా?
(ఒక కూతురు, పొదిలి)

జవాబు: ఆపొద్దమ్మా. 80 దాటినవాళ్ళకు కూడా మందు వల్ల పక్షవాతాలూ మరణాలూ తగ్గాయని 2008లోనే తేలింది. కానీ ఆయన గోడ పట్టుకోవడం కూడా చిన్న విషయం కాదు. ఈ వయసులో తుంటి విరిగితే బీపీ కంటే అదే ముందు మంచాన పడేస్తుంది.

ఎండకు చర్మం కిందున్న నాళాలు విచ్చుకుంటాయి, చెమటలో నీళ్ళూ ఉప్పూ పోతాయి, బీపీ దానంతటదే దిగుతుంది. చలికాలంలో సరిపోయిన మోతాదు రోహిణి కార్తెలో ఎక్కువయిపోవచ్చు. మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేది ఉంటే ఇంకా. ప్రోస్టేట్ మాత్రల్లో కొన్ని నిలబడగానే బీపీని పడేస్తాయి.

ఆయన్ను అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేపి నిలబెట్టి, పక్కన ఒకరు పట్టుకుని, ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం, మూడు మాత్రల అట్టలు తీసుకుని ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మోతాదు తగ్గించడమో, వేళ మార్చడమో డాక్టరే చేస్తారు. అందాకా రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు వేలాడేసి, నూరు లెక్కపెట్టాకే నిలబడమనండి. దగ్గర్లో లైటు, తలాపున చెంబుతో నీళ్ళు.

ఉత్తరంలో నాన్నగారి వయసు, మాత్రల పేర్లు, మోతాదులు, వేసుకునే వేళలు, చివరి మూడు నెలల అంకెలు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. మీ వయసు రాయలేదు. ఆయన చేతికి పట్టీ విప్పాక మీ చేతికి కట్టుకుని, వారం అంకెలు వచ్చే ఉత్తరంలో రాసి పంపండి.